గది మూలన నిలబడి చూసిన రచయిత: జూలియన్ ఫెలోస్ ప్రస్థానం

జూలియన్ ఫెలోస్ అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది ‘డౌన్‌టన్ ఆబీ’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్. 2010 నుంచి 2015 దాకా ఆరు సీజన్లు, 52 ఎపిసోడ్లుగా సాగి, తర్వాత మూడు సినిమాలుగా కూడా వచ్చిన ఆ కథకు ఎంత పేరు వచ్చిందంటే, దాన్ని రాసిన మనిషికి అంతకుముందు ముప్పై ఏళ్లకు పైబడిన వృత్తి జీవితం ఒకటి ఉందన్న సంగతి దాదాపు మరుగున పడిపోయింది. ఆ కాలంలో ఆయన ప్రధానంగా నటుడు, అదీ పోస్టరు మీద బొమ్మ పడని నటుడు. మంత్రి, మేజరు, ప్రభువు, ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకుడు వంటి పాత్రల్లో తెర మీదికొచ్చి, నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయేవారు. ఆయన రచనలోని బలం, పరిమితి రెండూ ఆ చిన్న వేషాల నుంచే వచ్చాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఫెలోస్ 1949 ఆగస్టు 17న కైరోలో పుట్టారు. తండ్రి పెరెగ్రిన్ ఫెలోస్ దౌత్యవేత్త, అరబ్ వ్యవహారాల్లో దిట్ట. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని తిరిగి సింహాసనం ఎక్కించాలని పాటుపడ్డవారిలో ఒకరు. నలుగురు అన్నదమ్ముల్లో జూలియన్ కడపటివారు. కాథలిక్ సన్యాసులు నడిపే ఆంపుల్‌ఫోర్త్ బడిలో, ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లోని మాడ్లిన్ కళాశాలలో చదివి, లండన్‌లోని వెబర్ డగ్లస్ అకాడమీలో నటనలో శిక్షణ పొందారు. వారిది పెద్ద కుటుంబాలతో రాకపోకలున్న ఇల్లే గానీ, బిరుదులూ ఎస్టేట్లూ ఉన్న ఇల్లు కాదు. ఇంగ్లండ్‌లో ఈ తేడా పైకి కనిపించదు, లోపలున్నవారికి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. విందుకు పిలుపు వస్తుంది. ఆ విందు జరిగే మేడ మాత్రం మనది కాదు. ఆయన నవలలన్నీ దాదాపుగా ఈ ఇరుకులోనే నడుస్తాయి.

నటుడిగా ఆయనకు దక్కినవాటిని ఒకచోట పేర్చి చూస్తే ఓ సరదా సంగతి బయటపడుతుంది. 1982లో వచ్చిన ‘స్కార్లెట్ పింపర్నెల్’ టీవీ చిత్రంలో ఆయన ప్రిన్స్ రీజెంట్, అంటే రాజు బదులు పాలించే రాకుమారుడు. 1996లో ‘షార్ప్’ కథల్లోని ఒక చిత్రంలోనూ మళ్ళీ ప్రిన్స్ రీజెంటే. 1993లో ‘షాడోలాండ్స్’లో అధ్యాపకుడు, 1997లో జేమ్స్ బాండ్ చిత్రం ‘టుమారో నెవర్ డైస్’లో రక్షణ మంత్రి. మధ్యలో 1980ల ఆరంభంలో అదృష్టం పరీక్షించుకోవడానికి లాస్ ఏంజెలెస్ వెళ్ళి, పెద్దగా ఏమీ చిక్కక తిరిగొచ్చారు. చివరికి బీబీసీ ‘మోనార్క్ ఆఫ్ ద గ్లెన్’లో పొరుగు ఎస్టేటు ప్రభువు కిల్‌విల్లీగా కాస్త నిలకడైన గుర్తింపు వచ్చింది. మనిషిని చూడగానే పై తరగతివాడని తెలిసేలా ముఖం, ఉచ్చారణ ఉండటం వల్ల పాత్రలన్నీ ఆ ఒక్క మూసలోనే వచ్చాయి. అలాంటి నటుడు సెట్ మీద ఎక్కువసేపు చేసే పని ఎదురుచూడటం. కథానాయకుడి దృశ్యం జరుగుతుంటే, వెనక ఒక పక్కన నిలబడి, తన ఒక్క వాక్యం వంతు వచ్చేదాకా గదంతా గమనిస్తూ ఉండటం. ఆ ఒక్క వాక్యంలో ఒక మనిషి మొత్తం కనిపించకపోతే ఆ వేషం ఉన్నా లేనట్టే లెక్క.

రాయడం దీనికి సమాంతరంగా, చాలాకాలం చాటుగా నడిచింది. 1970ల్లో రెబెకా గ్రెవిల్ అనే మారుపేరుతో కాలక్షేపం ప్రేమ నవలలు రాశారు. 1990ల్లో బీబీసీ పిల్లల విభాగానికి ‘లిటిల్ లార్డ్ ఫాంట్‌లరాయ్’ను, ఆ వెంటనే ‘ప్రిన్స్ అండ్ ద పాపర్’ను టీవీకి అనువుగా మలిచారు. మొదటిదానికి 1995లో టీవీ రంగపు పురస్కారం అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. అమెరికాలో పెరిగిన సామాన్యపు పిల్లవాడు ఇంగ్లండ్‌లో ఎర్ల్ అనే ప్రభువు బిరుదుకు వారసుడని తేలడం, రాజకుమారుడూ బిచ్చగాడూ చోట్లు మార్చుకోవడం ఈ రెండింటి కథా వస్తువులు. ఆయన తర్వాత ఇరవై ఏళ్లు తిప్పి తిప్పి రాసిన విషయం అప్పటికే చేతికి వచ్చేసిందన్నమాట. ఒక మనిషి తనది కాని అంతస్తులోకి అడుగుపెడితే, ఆ అంతస్తు తన నియమాలను ఎలా బయటపెట్టుకుంటుంది అన్నదే ఆ విషయం.

అసలు మలుపు యాభై ఏళ్ల వయసులో వచ్చింది. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్, నటుడు బాబ్ బలబాన్ కలిసి ఒక ఇంగ్లిష్ పల్లె బంగళాలో జరిగే హత్యోదంతం తీయాలనుకున్నారు. ఫెలోస్ గతంలో బలబాన్ కోసం పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత ట్రోలప్ నవల ఒకదానికి చేసిన, చివరికి తెరకెక్కని రూపాంతరం ఆయనకు గుర్తుండటంతో కబురు వచ్చింది. అప్పటికి ఫెలోస్ పేరు మీద ఒక్క సినిమా కూడా లేదు. అలా పుట్టినదే 2001 నాటి ‘గాస్‌ఫర్డ్ పార్క్’. ఏడు ఆస్కార్ ప్రతిపాదనలు పొందిన ఆ చిత్రానికి దక్కిన ఏకైక ఆస్కార్ 2002 మార్చిలో ఫెలోస్ రాసిన మూల స్క్రీన్‌ప్లేకే. పోటీలో ఉన్నవాటిలో, మన ప్రేక్షకులు ‘గజిని’ పుణ్యమా అని పేరు విన్న ‘మెమెంటో’ కూడా ఒకటి.

‘గాస్‌ఫర్డ్ పార్క్’ను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఫెలోస్ పనితనం అంత పదునుగా మరెక్కడా కనబడదు. కథ 1932 నవంబరులో జరుగుతుంది. సర్ విలియం మెకార్డిల్ అనే మిల్లుల యజమాని ఇంటికి వేట పేరుతో చుట్టాలూ స్నేహితులూ చేరతారు. సినిమా మొదలయ్యేసరికి వాన కురుస్తూ ఉంటుంది. కారు వెనక సీట్లో కూర్చున్న ట్రెంథమ్ దొరసానికి ఫ్లాస్కు మూత తీయడం రాదు. కారు ఆపించి, ముందు సీట్లో డ్రైవరు పక్కనున్న పనిపిల్ల మేరీని పిలుస్తుంది. ఆ పిల్ల కిందికి దిగి, వానలో తడుస్తూ, కిటికీ దగ్గర నిలబడి మూత తీసి ఇస్తుంది. దొరసాని కోప్పడదు, కసురుకోదు, అవమానించదు. అవతలి మనిషి తడుస్తోందన్న ఊహే ఆమెకు రాదు, అంతే. క్రౌర్యం ప్రదర్శించే దుష్ట పాత్ర అవసరం లేకుండానే వ్యవస్థ మొత్తం ఒక ఫ్లాస్కు మూతలో బయటపడింది. తర్వాత కింది అంతస్తులోకి వెళ్ళగానే మేరీ తన పేరు పోగొట్టుకుంటుంది. వచ్చిన పనివాళ్ళను వాళ్ళ యజమానుల పేర్లతోనే పిలవడం అక్కడి ఆనవాయితీ కాబట్టి, ఆమె ‘మిస్ ట్రెంథమ్’ అవుతుంది. భోజనాల బల్ల దగ్గర కూర్చునే వరస కూడా యజమానుల అంతస్తును బట్టే.

ఇలాంటి వివరాలు ఊహించి రాసేవి కావు. అందుకే ఫెలోస్‌ను చిత్రీకరణ సాగినంతకాలం సలహాదారుగా సెట్ మీదే ఉంచుకున్నారు. ఒకప్పుడు పెద్ద ఇళ్ళలో బట్లరుగా, వంటమనిషిగా, ఇంటి పనిమనిషిగా చేసిన ముగ్గురు వృద్ధులను కూడా పిలిపించారు. ఇంకొక నియమం కూడా పెట్టుకున్నారు: పనివాళ్ళు ఎవరూ లేని చోటికి కెమెరా వెళ్ళకూడదు. పై అంతస్తులో ఏం జరిగినా, ఆ గదిలో ట్రే పట్టుకునో తలుపు పక్కనో ఒక సేవకుడు ఉంటేనే ప్రేక్షకుడికి అది తెలుస్తుంది. కేవలం సాంకేతికమైన షరతులా కనబడే ఈ నియమం హత్యకథను తలకిందులు చేస్తుంది. విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ఇంట్లోవాళ్ళను మర్యాదగా ప్రశ్నించి, మృతుడు సర్ విలియంతో నిజమైన సంబంధం ఉండదన్న ధీమాతో పనివాళ్ళను వదిలేసి వెళ్ళిపోతాడు. నిజం మాత్రం కిందే ఉంది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళను యజమాని వాడుకున్న తీరు, వాళ్ళకు పుట్టిన బిడ్డలను దత్తత పేరుతో వదిలించుకున్న తీరు తెలిసిన హౌస్‌కీపర్, తన కొడుకు హంతకుడు కాకుండా ఉండాలని తానే ముందు విషం పెడుతుంది. అవతలివాడికి ఏం కావాలో వాడికంటే ముందే పసిగట్టడం మంచి సేవకురాలి లక్షణం. ఆ వృత్తి నైపుణ్యమే ఇక్కడ హత్యకు సాధనమైంది. పోలీసుకు ఆమె కనబడదు, ఎందుకంటే కనబడకుండా ఉండటమే ఆమె ఉద్యోగం.

పక్కన నిలబడే నటుడికి తెలిసిన విద్య ఇందులో ఎంత ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ముప్పై మందికి పైగా పాత్రలున్నా ఎవరికి వారికి ఒక కారణం, ఒక గతం, వచ్చి వెళ్ళే ఒక క్షణం ఉన్నాయి. అదే సమయంలో ఆల్ట్‌మన్ కెమెరా చల్లగా, ఎవరి మీదా ప్రత్యేక ప్రేమ లేకుండా తిరుగుతుంది. ఫెలోస్‌కు ఆ దొరల మీద ఉన్న మమకారాన్ని అమెరికా నుంచి వచ్చిన ఆ పరాయి చూపు అదుపులో పెట్టింది. ఆ అదుపు తర్వాతి రచనల్లో లేదు.

ఆస్కార్ వచ్చాక అంతవరకూ మూసుకుని ఉన్న తలుపులు తెరుచుకున్నాయి. ప్రచురణకర్తలు అంతకుముందు కాదన్న ‘స్నాబ్స్’ నవల 2004లో వెలువడింది. అకౌంటెంటు కూతురు ఈడిత్ ఒక మార్క్విస్ (ఎర్ల్ కంటే పై ప్రభువు) కొడుకును పెళ్ళాడి, ఆ విసుగు భరించలేక ఒక నటుడితో వెళ్ళిపోయే కథ అది. చెప్పేవాడు పేరు లేని మరొక నటుడు. అన్ని ఇళ్ళలోనూ అతిథే, ఏ ఇంట్లోనూ సభ్యుడు కాడు. 2008 నాటి ‘పాస్ట్ ఇంపర్ఫెక్ట్’లోనూ కథకుడికి పేరు ఉండదు. 1968 లండన్‌లో పెళ్ళీడు ఆడపిల్లలను సమాజానికి పరిచయం చేసే విందుల కాలాన్ని అతను నలభై ఏళ్ల తర్వాత తవ్వుకుంటూ వెళతాడు. ఈ రెండు నవలల్లో హాస్యం పదునైనది, పరిశీలన నిశితమైనది. కాకపోతే కథకుడు ఎవరిని వెక్కిరిస్తున్నాడో వారి ఆమోదమే కోరుకుంటున్నాడన్న అనుమానం పాఠకుడిని వదలదు, అది రచయితకు తెలియక జరిగింది కూడా కాదనిపిస్తుంది. అదే కాలంలో మీరా నాయర్ తీసిన ‘వానిటీ ఫెయిర్’ రచనలో పాలుపంచుకున్నారు, ‘మేరీ పాపిన్స్’ రంగస్థల సంగీత నాటకానికి మాటలు రాశారు, 2005లో ‘సెపరేట్ లైస్’తో దర్శకుడయ్యారు, 2009లో ‘ద యంగ్ విక్టోరియా’ రాశారు.

‘డౌన్‌టన్ ఆబీ’ ఆలోచన నిర్మాత గారెత్ నీమ్‌ది. ‘గాస్‌ఫర్డ్ పార్క్’ లోకానికే మళ్ళీ వెళ్ళి టీవీ సీరియల్ రాయమని ఆయన అడిగారు. 2010 సెప్టెంబరు 26న బ్రిటన్ చానెల్ ఐటీవీలో మొదలైన ఆ కథ 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన వార్తతో తెరుచుకుంటుంది. మొదటి దృశ్యాల్లోనే ఒక పనివాడు దినపత్రికను ఇస్త్రీ చేస్తూ కనిపిస్తాడు. దొరగారి వేళ్ళకు సిరా అంటకూడదు కాబట్టి ముందు దాన్ని ఆరబెట్టాలి. ఆ ఇస్త్రీ చేస్తున్న పత్రికలోనే దొరగారి వారసుడు ఉన్న ఓడ మునిగిపోయిన వార్త ఉంది. ఇంట్లో ఆ సంగతి పనివాళ్ళకు ముందు తెలుస్తుంది, యజమానికి తర్వాత తెలుస్తుంది. చరిత్ర పాఠం, ఇంటి పద్ధతి, కథ ముడి మూడూ ఒక ఇస్త్రీపెట్టె కింద కలిశాయి.

ఆ ముడికి చట్టపరమైన నేపథ్యం కొంత తెలిస్తేనే కథ ఎందుకు అంత గట్టిగా నిలబడిందో అర్థమవుతుంది. ఎర్ల్ బిరుదు మగ సంతానానికే వెళుతుంది. బిరుదుతో పాటు భూమి, భవనం విడిపోకుండా ఉండేందుకు ఆస్తిని కూడా దానికే కట్టేసే ఏర్పాటు పాతకాలం నుంచీ ఉంది. డౌన్‌టన్ యజమాని, ఎర్ల్ అయిన గ్రాంథమ్ ప్రభువుకు ముగ్గురూ కూతుళ్ళే. పైగా భార్య కోరా అమెరికన్ వ్యాపారి బిడ్డ; ఆమె తెచ్చిన కట్నం కూడా మామగారి పుణ్యాన అదే ఎస్టేటులో కలిసిపోయింది. కాబట్టి తల్లి డబ్బు సైతం పెద్ద కూతురు మేరీకి రాకుండా, మాంచెస్టర్‌లో న్యాయవాదిగా బతుకుతున్న దూరపు బంధువు మాథ్యూకు పోతుంది. ఇది ఊసుపోక అల్లిన చిక్కు కాదు. చిత్రీకరణ జరిగిన హాంప్‌షైర్‌లోని హైక్లియర్ కోట కూడా ఇలాంటి డబ్బుతోనే గట్టెక్కింది. అయిదవ కార్నార్వన్ ప్రభువు భార్య అల్మీనాకు ధనిక బ్యాంకరు ఆల్ఫ్రెడ్ ద రాత్స్‌చైల్డ్ భారీగా సొమ్ము ముట్టజెప్పాడు. ఈజిప్టు ఫారో టుటన్‌ఖామన్ సమాధి తవ్వకాలకు ఖర్చు పెట్టినది ఆ ప్రభువే కావడం, కైరోలో పుట్టిన ఈ రచయితకు కాకతాళీయంగా కలిసొచ్చిన విషయం.

ఇంతకంటే దగ్గరి కారణం ఫెలోస్ సొంత ఇంట్లోనే ఉంది. ఆయన భార్య ఎమా కిచెనర్ వంశంవారు. ఒకప్పుడు భారతదేశంలో ప్రధాన సేనాపతిగా ఉండి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ యుద్ధ మంత్రి అయిన కిచెనర్‌కు ఆమె అన్నదమ్ముల సంతతి. మూడవ ఎర్ల్ 2011 డిసెంబరులో సంతానం లేకుండా చనిపోవడంతో, తమ్ముడి కూతురు ఎమా ఉన్నా, ఆడమనిషి కావడం వల్ల బిరుదు అంతరించిపోయింది. ఈ పద్ధతి అన్యాయమని ఫెలోస్ బహిరంగంగానే మాట్లాడారు. మరుసటి ఏడు రాజ శాసనం ద్వారా ఆమెకు ఎర్ల్ కూతురి హోదా మాత్రం దక్కింది. ఫెలోస్ స్వయంగా 2011 జనవరిలో కన్సర్వేటివ్ పక్షాన జీవితకాల ప్రభువుగా బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అడుగుపెట్టారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయనకు ఈ వ్యవస్థతో ఉన్న పేచీ, అది ఎందుకు ఉండాలన్నది కాదు; అందులో ఆడపిల్లకు వాటా ఎందుకు లేదన్నది. సీరియల్ మొత్తం ఈ హద్దు దాటకుండానే నడుస్తుంది.

దీనికి మొదటి ఎపిసోడ్‌లోనే ఉదాహరణ దొరుకుతుంది. దొరకు వ్యక్తిగత సేవకుడిగా బేట్స్ అనే పాత సైనికుడు వస్తాడు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో దొరతో కలిసి పనిచేసినవాడు, కాలు అవిటి, చేతికర్ర లేనిదే నడవలేడు. పని సరిగ్గా చేయలేడని మిగతావాళ్ళు ఫిర్యాదు చేస్తే, ఇష్టం లేకపోయినా దొర అతణ్ణి తీసేస్తాడు. తీరా కారు కదిలి వెళ్ళిపోతుండగా మనసు ఒప్పక, పరుగెత్తి ఆపించి, లోపలికి పొమ్మంటాడు. ప్రేక్షకుడి గుండె కరుగుతుంది. అవిటి సైనికుడి బతుకుతెరువు ఒక మనిషి దయ మీద ఆధారపడి ఉందన్న చేదు నిజం ఆ కరుగుదలలో కొట్టుకుపోతుంది. వానలో ఫ్లాస్కు మూత తీసిన పిల్లను చూసిన కలమే దీన్ని రాసింది. అక్కడ మంచి దొర ఉన్నా లేకున్నా తేడా లేదు, ఇక్కడ దొర మంచివాడైతే చాలు. ఐర్లండ్‌కు చెందిన సోషలిస్టు డ్రైవరు బ్రాన్సన్ దొర చిన్న కూతుర్ని పెళ్ళాడి, చివరికి అదే ఎస్టేటు వ్యవహారాలు చూసే మనిషిగా స్థిరపడటం కూడా ఈ కోవలోదే. తిరుగుబాటును కథ ఓడించదు. భోజనానికి పిలిచి, మంచి సూటు కుట్టించి, ఇంటివాణ్ణి చేసుకుంటుంది.

అయినా ఆ సీరియల్‌ను కేవలం గతం మీద బెంగగా కొట్టిపారేయడం తొందరపాటే. ఒక్కో దృశ్యం ఒకటి రెండు నిమిషాలే ఉండి, ఏడెనిమిది కథలు జడలా అల్లుకుంటూ పోయే ఆ నిర్మాణాన్ని, అమెరికాలోలాగా రచయితల బృందం లేకుండా, మొదటి సీజన్‌లో రెండు ఎపిసోడ్లకు అందిన సాయం మినహా ఫెలోస్ ఒక్కరే ఆరేళ్లు మోశారు. వంటింటి పిల్ల డెయిజీకి దొర తల్లి వయొలెట్‌కు ఉన్నంత జాగ్రత్తగా కథ రాయడం ప్రతి చిన్న వేషం విలువా తెలిసినవాడికే సాధ్యం. టైపు నేర్చుకుని గుమాస్తాగా పోవాలనుకునే పనిపిల్ల గ్వెన్, స్వలింగ ప్రేమ నేరమైన కాలంలో లోలోపల కుళ్ళిపోతున్న ఫుట్‌మన్ (వడ్డించే సేవకుడు) థామస్ లాంటివారు వ్యవస్థ గురించి రచయిత అడగని ప్రశ్నలను తామే అడుగుతారు. నటులు ఒప్పందం ముగించుకుని వెళ్ళిపోతామన్నప్పుడు మాత్రం కథ దెబ్బతింది. 2012 క్రిస్మస్ నాడు మాథ్యూను కారు ప్రమాదంలో చంపిన తీరు మీద బ్రిటన్ ప్రేక్షకులు మండిపడ్డారు. తొలి సీజన్‌కు రచనలో ఎమ్మీ వచ్చింది. అమెరికాలో పీబీఎస్ చానెల్ ప్రసారానికి నాలుగో సీజన్ ఆరంభంలో కోటి మందికి పైగా ప్రేక్షకులు కూర్చున్నారు.

అన్నీ ఇలా ఫలించలేదు. 2012 నాటి ‘టైటానిక్’ సీరియల్ ఒకే కథను మళ్ళీ మళ్ళీ మొదటినుంచి చెప్పే పద్ధతి వల్ల నీరసించింది. 2013 ‘రోమియో అండ్ జూలియట్’లో షేక్స్‌పియర్ మాటలను సులువు చేయబోయి విమర్శకుల చేత గట్టిగా చీవాట్లు తిన్నారు. 2016లో ‘బెల్‌గ్రేవియా’ను విక్టోరియా కాలపు పత్రికల్లోలాగా వారం వారం, పదకొండు భాగాలుగా, మొబైల్ యాప్ ద్వారా విడుదల చేయడం మంచి ప్రయోగం. 1815లో వాటర్లూ యుద్ధానికి ముందు బ్రసెల్స్‌లో జరిగిన విందుతో మొదలయ్యే ఆ నవల, సైన్యానికి సరుకులు అమ్మి పైకొచ్చిన కుటుంబాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆండ్రూ లాయిడ్ వెబర్‌తో కలిసి చేసిన ‘స్కూల్ ఆఫ్ రాక్’ రంగస్థలం మీద బాగానే ఆడింది.

ప్రస్తుతం ఆయన చేతిలో ఉన్న పెద్ద పని ‘ద గిల్డెడ్ ఏజ్’. ఎన్‌బీసీ కోసమని 2012లోనే ప్రకటించిన ఈ సీరియల్ చివరికి హెచ్‌బీఓకు చేరి, 2022 జనవరిలో ప్రసారమైంది. కథా కాలం 1882, చోటు న్యూయార్క్. పాత కుటుంబాల ఆధీనంలో ఉన్న నాటకశాలలో బాక్సు సీటు దొరకని కొత్త ధనికులు, తమకంటూ మెట్రొపాలిటన్ ఆపెరా కట్టుకున్న నిజమైన చరిత్రను రెండో సీజన్ ఆసరా చేసుకుంటుంది. ఇక్కడ ఫెలోస్‌కు కాలూనుకునే నేల దొరకడం లేదన్నది నిజం. రైల్వే యజమాని కుటుంబానికి వెయ్యేళ్ల ఆనవాయితీ లేదు, పనివాళ్ళకు తరతరాల విధేయత లేదు, కాబట్టి పాత కిటుకులు కొన్ని పారవు. తొలి సీజన్ పలుచగా ఉందన్న విమర్శకు మూలం అదే. బ్రూక్లిన్‌లో స్థిరపడిన చదువుకున్న నల్లజాతి కుటుంబం బిడ్డ, రచయిత్రి కావాలనుకునే పెగ్గీ స్కాట్ పాత్ర మాత్రం ఫెలోస్ ఇంతవరకూ రాసినవాటిలో కొత్తది. సహరచయిత్రి సోన్యా వార్‌ఫీల్డ్, చరిత్రకారిణి ఎరికా ఆర్మ్‌స్ట్రాంగ్ డన్‌బార్ చేయి ఆ కథలో స్పష్టంగా కనబడుతుంది. యజమానురాలు మంచిదైనంత మాత్రాన పెగ్గీ సమస్య తీరదు. రచయిత పక్కన మరొకరి చూపు ఉన్నప్పుడల్లా, ఆల్ట్‌మన్ నాటి మాదిరిగానే, ఈ రాతకు మళ్ళీ పదును వస్తోంది.